బరువు ఎక్కడ కూర్చోవాలి?

మెయిన్ నది ఒడ్డున, జర్మనీలోని బవేరియా ఉత్తర భాగంలో ష్వైన్‌ఫర్ట్ అనే ఊరుంది. జనాభా యాభై వేల పైచిలుకు, మన లెక్కలో ఒక మోస్తరు మున్సిపాలిటీ. అయినా మన ఊళ్లో తిరిగే లారీ చక్రం విప్పి చూస్తే, లోపల ఈ ఊరి పనితనానికి వారసుడే కనిపిస్తాడు. 1883లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఇక్కడ ఉక్కు గుండ్లను గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో సానపట్టే యంత్రం తయారు చేశాడు. అంతకుముందు గుండ్లు చేసేవారు కానీ ఒకదానికొకటి సరిపోయేవి కావు. పది గుండ్లలో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైనా మొత్తం బరువు దాని నెత్తినే పడుతుంది. ముందు అది పగులుతుంది, తర్వాత పక్కది. అన్నీ సమానమైతేనే బరువును పంచుకుంటాయి. బాల్ బేరింగుల పరిశ్రమంతా ఈ చిన్న సంగతి మీదే లేచింది.

1895లో ఇదే ఊళ్లో ఫిష్టెల్ అండ్ జాక్స్ కంపెనీ పుట్టింది. సైకిల్ హబ్బులతో మొదలై క్లచ్చులు, షాకబ్జార్బర్ల దాకా ఎదిగి, ఇప్పుడు జెడ్.ఎఫ్. సంస్థలో భాగమైంది. స్వీడన్ వాళ్ల ఎస్.కె.ఎఫ్. కూడా ఇక్కడే పాతుకుంది. ఒక్క ఊళ్లో ఇంత బేరింగు పని పోగుపడటం యుద్ధకాలంలో శాపమైంది. 1943 ఆగస్టు 17న ఒకసారి, అక్టోబరు 14న మరోసారి అమెరికా బాంబర్లు ఈ ఊరి మీద పడ్డాయి. రెండో దాడికి బయల్దేరిన 291 విమానాల్లో 60 తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక ఆ అమెరికా సైన్యమే ఇక్కడ మకాం వేసి 2014 దాకా ఉంది. వాళ్లు ఖాళీ చేసిన లెడ్‌వర్డ్ బారక్స్ స్థలంలో ఇప్పుడు వ్యూర్జ్‌బర్గ్-ష్వైన్‌ఫర్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం కొత్త ప్రాంగణం వెలిసింది. ఇంగ్లిష్‌లో బోధించే మెకట్రానిక్స్, లాజిస్టిక్స్ కోర్సుల కోసం మన పిల్లలూ అక్కడికి వెళ్తున్నారు.

బండి మీద పడిన బరువు చివరికి ఎక్కడికి చేరుతుందన్నదే ఈ ఊరు నూట నలభై ఏళ్లుగా చేస్తున్న ఆలోచన. పికప్ ట్రక్కులో ఫిఫ్త్ వీల్ హిచ్ బిగించడం గురించి మాట్లాడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. హిచ్ అనగానే అందరూ లాగుడు గురించే అడుగుతారు: ఎన్ని టన్నులు లాగుతుంది, ఎంజిన్ ఎంత గుర్రపుశక్తి అని. లాగడం ఈ వ్యవహారంలో సులభమైన భాగం. కష్టమంతా మోయడంలో ఉంది.

ఈ అమరిక అసలు స్వరూపం లారీల్లో చూడొచ్చు. ష్వైన్‌ఫర్ట్ పక్కనుంచి పోయే ఎ70, ఎ71 రహదారుల మీద కంటైనర్లు మోసే లారీల్లో చాలావాటికి ముందు ట్రాక్టర్ భాగం, వెనక ట్రైలర్ ఉంటాయి. ట్రాక్టర్ వెనక ఇరుసుల దగ్గర గ్రీజు పూసిన మందపాటి ఇనుప పళ్లెం ఉంటుంది, దాని మధ్యలో గుర్రపు నాడా ఆకారంలో గాడి. ట్రైలర్ అడుగునుంచి కిందికి పొడుచుకొచ్చిన కింగ్‌పిన్ ఆ గాడిలో దూరగానే దవడలు దాన్ని పట్టేస్తాయి. విశాఖ రేవు నుంచి బయటికొచ్చే ట్రైలర్ లారీల్లోనూ ఇదే ఏర్పాటు. పాతకాలపు గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు తిరగడానికి, దాని మీద అడ్డంగా ఒక ఇనుప వలయం పడుకోబెట్టేవారు. నాలుగు చక్రాలకు అది ఐదోది. ఫిఫ్త్ వీల్ అన్న ఆ పేరే నేటికీ నిలిచింది. డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ 1914లో ఒక కలప వ్యాపారి పడవను మోయడానికి ఫోర్డు కారు వెనక తగిలించిన బండి నుంచి సెమీ ట్రైలర్ల చరిత్రను లెక్కిస్తారు.

పికప్‌లో ఇదంతా చిన్న ఎత్తున జరుగుతుంది. వెనక తొట్టిలో, ఇరుసుకు సరిగ్గా పైన హిచ్ తల ఉంటుంది. ఇల్లులాంటి పెద్ద ట్రైలర్ ముక్కు తొట్టి మీదికి వచ్చి దాని మీద కూర్చుంటుంది. అమెరికాలో ఇది మామూలు దృశ్యం. జర్మనీలో అరుదు, ఎందుకంటే అక్కడి జనం కారు వెనక బంతి హుక్కుకు చిన్న క్యారవాన్ తగిలించుకుని సెలవులకు పోతారు. రెండింటి మధ్య తేడా సైజులో లేదు, బరువు పడే చోటులో ఉంది.

మన రైతుకు ఇది పాఠం చెప్పాల్సిన సంగతి కాదు. ఎడ్లబండికి బస్తాలు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద నొక్కుతుంది, వెనక్కి ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి మెడ పట్టు జారుతుంది. అందుకే లోడు వేసేవాడు ఇరుసుకు ముందు ఒక పాలు ఎక్కువ ఉండేలా సర్దుతాడు. ట్రైలర్‌కూ అదే సూత్రం. బంతి హుక్కుకు తగిలించే ట్రైలర్ తన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ముందుకు మోపాలి. ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌లో ఆ వాటా ఎక్కువ, 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 4,500 కిలోల ట్రైలర్ 20 శాతం మోపిందంటే 900 కిలోలు నేరుగా పికప్ తొట్టిలో కూర్చున్నట్టే.

ఆ 900 కిలోలు ఎక్కడ దిగుతాయన్నది సెంటీమీటర్ల లెక్క. పికప్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3.8 మీటర్లు అనుకుందాం. హిచ్ తల వెనక ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందుంటే 24 కిలోలు ముందు చక్రాలకు, మిగతా 876 వెనక చక్రాలకు పోతాయి. అదే 10 సెంటీమీటర్లు వెనక ఉంటే ముందు చక్రాల మీదున్న బరువులోంచి 24 కిలోలు తగ్గి, వెనక ఇరుసు 924 కిలోలు మోయాలి. ఇది చిన్న తేడానే. ఇప్పుడు బంపరు వెనక బంతి హుక్కు చూడండి. అది ఇరుసుకు 1.2 మీటర్లు వెనక ఉండి, దాని మీద 450 కిలోలు పడ్డాయంటే ముందు చక్రాలు 142 కిలోలు కోల్పోతాయి, వెనక ఇరుసు మీద 592 పడతాయి. స్టీరింగు తిప్పేది ముందు చక్రాలు, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేదీ అవే. వాటి మీద బరువు తగ్గితే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. లోడెక్కిన ట్రాలీని ఎత్తుకు లాగేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేవడం మన పల్లెల్లో చూసినవాళ్లకు ఈ అంకెలు కళ్ల ముందే కదులుతాయి.

పక్కకు ఊగే గుణం కూడా ఇక్కడే తేలుతుంది. గాలి తోసినా, పక్కనుంచి పెద్ద లారీ దాటినా ట్రైలర్ ముక్కు పికప్‌ను హిచ్ దగ్గర అడ్డంగా నెడుతుంది. ఆ నెట్టుడు ఇరుసుకు 1.2 మీటర్ల వెనక తగిలితే పికప్ తోకను పట్టుకుని తిప్పినట్టవుతుంది. ట్రైలర్ ఒక వైపు, బండి ఇంకో వైపు ఊగడం అలా మొదలవుతుంది. నెట్టుడు ఇరుసు పైనే తగిలితే తిప్పడానికి చేతిపొడవే ఉండదు. వెనక టైర్లు దాన్ని నేరుగా రోడ్డులోకి దింపేస్తాయి. ఫిఫ్త్ వీల్ నిలకడకు కారణం ఇంతే, ఇందులో మహిమలేమీ లేవు.

కాబట్టి హిచ్ తల మధ్యభాగం వెనక ఇరుసు గీత మీద, లేదా కొద్దిగా ముందుకు ఉండాలి. తయారీదారు కొలత ఇచ్చి ఉంటే దాన్నే పాటించాలి. ఇక్కడే పొట్టి తొట్టి గొడవ వస్తుంది. యూరప్‌లో ట్రైలర్ వెడల్పు 2.55 మీటర్ల దాకా ఉండొచ్చు, అందులో సగం 127.5 సెంటీమీటర్లు. మలుపులో ట్రైలర్ పికప్‌కు అడ్డంగా తిరిగినప్పుడు దాని పక్కగోడ పిన్ను నుంచి అంత దూరంలో తిరుగుతుంది. పిన్ను నుంచి క్యాబిన్ వెనక అద్దానికి దూరం అంతకన్నా తక్కువైతే అద్దం పగులుతుంది, క్యాబిన్ సొట్టపోతుంది. ఎనిమిది అడుగుల తొట్టిలో ఈ బాధ లేదు. ఐదున్నర, ఆరున్నర అడుగుల తొట్టికి తలను వెనక్కి జరిపే జారుడు హిచ్ వాడతారు. రోడ్డు మీద ముందు స్థానంలో, పార్కింగులో ఇరుకు మలుపు తిప్పేటప్పుడు మాత్రం వెనక స్థానంలో ఉండాలి. వెనక స్థానంలోనే హైవే ఎక్కేవాళ్లు పైన చెప్పిన 24 కిలోల లెక్కను పెద్దది చేసుకుంటున్నట్టే.

ఇక బిగించే పని. తొట్టి నేల పలుచని రేకు, మడతలు మడతలుగా వంచినది. 900 కిలోల గుద్దులు అది తట్టుకోదు. బరువంతా రేకును దాటి కింద ఉన్న ఛాసిస్ నిలువు పట్టీలకు చేరాలి. అందుకు రెండు పట్టాలు తొట్టి మీద అడ్డంగా వేసి, రేకులోంచి బోల్టులు దింపి, ఛాసిస్‌కు తగిలించిన బ్రాకెట్లకు బిగిస్తారు. మడతల పల్లాల్లో ఇనుప ముక్కలు ఇరికించకుండా బిగిస్తే రేకు నలుగుతుంది. ఆ రోజు గట్టిగానే అనిపిస్తుంది కానీ వారం తిరిగేసరికి బిగువు పోతుంది. నేల మీద ప్లాస్టిక్ పరుపు ఉంటే పట్టాల కింద దాన్ని కోసి తీసేయాలి. ప్లాస్టిక్ ఒత్తిడికి మెల్లగా పాకుతుంది.

బోల్టు ఎలా పనిచేస్తుందో చాలామందికి తప్పుగా తెలుసు. అది మేకులా అడ్డం నిలబడి ఆపదు. బిగించినప్పుడు బోల్టు సాగుతుంది, సాగిన రబ్బరులా తిరిగి కుంచించుకోవాలని చూస్తుంది, ఆ ప్రయత్నంలో రెండు ఇనుప ముక్కలను ఒకదానికొకటి అదిమిపెడుతుంది. కదలకుండా ఆపేది ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడి. తల మీద 10.9 అని ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టును సరిగ్గా బిగిస్తే 5 టన్నులకు పైగా అదుముతుంది. 10.9లో మొదటి అంకె తెగే బలాన్ని చెబుతుంది, చదరపు మిల్లీమీటరుకు 1,000 న్యూటన్లు. రెండోది అందులో 90 శాతం బలం దాకా లాగినా మళ్లీ మామూలు పొడవుకు వస్తుందని చెబుతుంది. అమెరికా కిట్లలో తల మీద ఆరు గీతలున్న గ్రేడ్ 8 బోల్టు దీనికి దగ్గరి చుట్టం. వదులైన బోల్టుకు రాపిడి ఉండదు, ప్రతి గుంతకూ అటూ ఇటూ కోత పడుతుంది, చివరికి అలసి తెగుతుంది. అందుకే మామూలు పానా చాలదు, టార్క్ రెంచి కావాలి. కొంత దూరం తిరిగాక కిట్ పుస్తకంలో చెప్పినప్పుడు మళ్లీ బిగించి చూడాలి. పెయింటు, రేకు సర్దుకున్నాక బిగువు కొంత తగ్గడం సహజం.

ఛాసిస్ జోలికి పోయేటప్పుడు భయం ఉండాలి. దాని పట్టీల పై, అడుగు అంచుల మీదే వంపు ఒత్తిడి ఎక్కువ. అక్కడ రంధ్రం చేస్తే పగులుకు దారి వేసినట్టే. కిట్ చెప్పినచోట, వీలైతే కంపెనీ ముందే వేసిన రంధ్రాల్లోనే బోల్టులు వేయాలి. వెల్డింగు పెట్టకూడదు, ఆ వేడికి గట్టి ఉక్కు తన గుణం మార్చుకుంటుంది. డ్రిల్లు కింద వైర్లు, బ్రేకు గొట్టాలు, ఇంధన ట్యాంకు ఉంటాయి. ముందు కింద పడుకుని చూసి, వాటిని పక్కకు కట్టి, డ్రిల్లు లోతుకు అడ్డు పెట్టుకుని పని మొదలుపెట్టాలి. ఫోర్డ్ ఎఫ్-150కు 2015 మోడల్ నుంచి తొట్టి అల్యూమినియం. దాని మీద ఉక్కు పట్టా నేరుగా ఆనితే, శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే జర్మనీలాంటి చోట రెండు లోహాల మధ్య తుప్పు త్వరగా పుడుతుంది. మధ్యలో పూతో పొరో ఉండాలి.

ఇప్పుడు ఆ బరువు వెంటే వెళ్దాం. పిన్ను నుంచి హిచ్ తలకు, పట్టాలకు, ఛాసిస్‌కు, కమానులకు, ఇరుసుకు వెళ్లి, చివరికి చక్రం హబ్బులోని బేరింగుకు చేరుతుంది. గుండు బిందువు దగ్గర తాకుతుంది, రోలరు గీత వెంట తాకుతుంది కనుక ఎక్కువ మోస్తుంది. అందుకే పెద్ద బండ్ల హబ్బుల్లో శంకువు ఆకారపు రోలర్లు వాడతారు. 1898లో వీటికి పేటెంటు పొందిన హెన్రీ టింకెన్ బగ్గీలు చేసేవాడే. బేరింగు ఎంతకాలం బతుకుతుందో చెప్పే సూత్రాన్ని గుస్టాఫ్ లుండ్‌బర్గ్, ఆర్విడ్ పామ్‌గ్రెన్ 1947లో ప్రకటించారు. పామ్‌గ్రెన్ ఎస్.కె.ఎఫ్. మనిషి. బరువు పెరిగితే ఆయుష్షు అదే పాళ్లలో తగ్గదు. రోలర్లకు ఆ పెంపును మూడుకు ఒక మూడోవంతు కలిపిన (10/3) ఘాతానికి ఎక్కించాలి. మోయాల్సిన దానికన్నా 20 శాతం ఎక్కువ మోపితే ఆయుష్షు 54 శాతానికి పడిపోతుంది. 50 శాతం ఎక్కువైతే నాలుగో వంతే మిగులుతుంది. ఏడాది బాగానే నడిచింది కదా అనే వాదనకు ఇందులోనే జవాబుంది.

అందుకే ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించే లాగుడు సామర్థ్యాన్ని నేను పెద్దగా లెక్కచేయను. చూడాల్సింది తలుపు పక్కన చీటీ మీదో, బండి కాగితాల్లోనో ఉండే వెనక ఇరుసు హద్దు, మొత్తం బరువు హద్దు. ఆ మిగులులోంచే పిన్ను బరువు, హిచ్ సొంత బరువు, ఎక్కే మనుషులు, సామాను అన్నీ పోవాలి. చాలా పికప్‌లలో లాగే బలం మిగిలి ఉండగానే మోసే బలం అయిపోతుంది. లెక్కతో ఆగకుండా ఏదైనా తూకం కాటా మీద ఇరుసులను విడివిడిగా తూచి చూడటం ఉత్తమం.

తగిలించే పద్ధతిలోనూ ప్రమాదం ఒకే చోట దాక్కుంటుంది. ట్రైలర్ పళ్లెం హిచ్ తలకన్నా కొద్దిగా కిందుండాలి, పికప్ వెనక్కి వస్తుంటే అది జారుతూ పైకి లేవాలి. ఎత్తు ఎక్కువైతే పిన్ను దవడలకు పైన కూర్చుంటుంది, దవడలు మూసుకున్న చప్పుడు వినిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు. చప్పుడును నమ్మకుండా టార్చిలైటు వేసి కంటితో చూడాలి. రెండు పళ్లేల మధ్య సందు ఉండకూడదు. దవడలు పిన్ను మెడ చుట్టూ మూసుకుని ఉండాలి, తాళం పిన్ను పెట్టి ఉండాలి. తర్వాత ట్రైలర్ ముందు కాళ్లు నేల మీద ఉండగానే, దాని చక్రాలకు అడ్డుకట్టలు వేసి, బ్రేకు పట్టి, పికప్‌ను మెల్లగా ముందుకు లాగి చూడాలి. విడిపోయేదైతే అక్కడే విడిపోతుంది, కాళ్ల మీద నిలబడుతుంది. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకు పడేలా చేసే తీగను హిచ్‌కు కట్టకూడదు, పికప్‌కు కట్టాలి. హిచ్చే ఊడిందంటే దాంతోపాటు పోయే తీగ ఎవరికి పనికొస్తుంది?

పిన్ను వ్యాసం 50.8 మిల్లీమీటర్లు, రెండంగుళాలు. పికప్ ట్రైలర్‌కూ, జర్మన్ రోడ్ల మీద 40 టన్నుల దాకా వెళ్లే లారీలకూ అదే కొలత. కాబట్టి ఏదైనా దూరిపోతుంది. దూరిన ప్రతిదాన్నీ హిచ్ మోయలేదు, అందుకే యూరప్‌లో 55వ ఐరాస నిబంధన కింద హిచ్ మీద డి విలువ ముద్రిస్తారు. లెక్క ఇది: బండి బరువును ట్రైలర్ బరువుతో, 0.6తో, 9.81తో గుణించి, రెండు బరువుల మొత్తంలోంచి పిన్ను బరువు తీసేసిన దానితో భాగించాలి. బండి 4.9 టన్నులు (పిన్ను బరువు కలిపి), ట్రైలర్ 4.5, పిన్ను 0.9 అయితే సుమారు 15.3 కిలోన్యూటన్లు వస్తుంది. హిచ్ మీది అంకె ఇంతకన్నా తక్కువ ఉండకూడదు.

జర్మనీలో ఇది బిగించాక ట్యూఫ్ లేదా డెక్రా పరీక్షకుడికి చూపించి కాగితాల్లో ఎక్కించుకోవాలి. లేకపోతే బండి రోడ్డు అనుమతే పోవచ్చు. మన దగ్గరా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీ వివరాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు, పట్టించుకునేవాళ్లు తక్కువ అంతే. బ్రేకుల దగ్గర ఇంకో చిక్కు. ట్రైలర్ ముందుకు తోసినప్పుడు తనంతట తానే బ్రేకు పడే పద్ధతి యూరప్‌లో 3.5 టన్నుల దాకానే చెల్లుతుంది. దాటితే గాలి బ్రేకుల వంటి పూర్తి ఏర్పాటు కావాలి. అమెరికా నుంచి తెచ్చిన విద్యుత్ బ్రేకుల ట్రైలర్‌కు అక్కడే దారి ముగుస్తుంది.

డ్రైవరుకూ హద్దులున్నాయి. భారత లైసెన్సుతో, జర్మనీలో నివాసం ఏర్పరచుకున్న నాటి నుంచి ఆరు నెలలే నడపొచ్చు. తర్వాత తీసుకునే బి తరగతి లైసెన్సు 3.5 టన్నుల బండికి 750 కిలోల ట్రైలర్ దాకా ఒప్పుకుంటుంది, బిఇ అయితే ట్రైలర్ 3.5 టన్నుల దాకా. మన ఉదాహరణలోని 4.5 టన్నుల ట్రైలర్‌కు సి1ఇ కావాలి, దానికి వైద్య పరీక్ష, కంటి పరీక్ష, విడిగా డ్రైవింగ్ పరీక్ష. హిచ్ బిగించడానికి ఒక సెలవురోజు సరిపోవచ్చు కానీ ఈ కాగితానికి నెలలు పడతాయి. కనుక ష్వైన్‌ఫర్ట్‌లో ఉన్న విద్యార్థి ఎవరైనా డ్రిల్లు కొనేముందు డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకోవాలి.